మూడున్నర శ్రుతి ఎందుకు లేదు?

పెద్దారవీడు వైపు పల్లెల్లో శ్రీరామనవమికో ధనుర్మాసానికో రామాలయంలో భజనకు కూర్చున్నప్పుడు, మొదటి పాట ఎత్తుకునే ముందు చిన్న బేరం ఒకటి నడుస్తుంది. పాడే ఆయన "నాలుగు పెట్టు" అంటాడు. హార్మణి పెట్టె ముందున్నాయన ఎడమచేత్తో తిత్తి ఆడిస్తూ ఒక తెల్లమెట్టు నొక్కుతాడు. పాడే ఆయన గొంతు కలిపి చూసి, "ఎక్కువైంది, మూడు పెట్టు" అంటాడు. మూడు పెడితే గొంతు మరీ కిందికి పోతుంది. చిన్నప్పుడు చాప చివర కూర్చుని ఇదంతా చూస్తూ, "మూడు తక్కువ, నాలుగు ఎక్కువ అయితే మూడున్నర పెట్టొచ్చు గదా పెదనాయనా" అన్నాను. "మూడున్నర లేదబ్బయ్యా. రెండున్నర ఉంది, నాలుగున్నర ఉంది. మూడున్నర పెట్టెలోనే లేదు" అన్నాడాయన. ఏడున్నర కూడా లేదని తర్వాత తెలిసింది.

ఎందుకు లేదు? ఈ జవాబు వెతుక్కుంటూ పోతే పాశ్చాత్య శాస్త్రీయ సంగీతం గుమ్మంలోకి చేరతాం. స్కేల్, కీ, మేజర్, మైనర్, కార్డ్, హార్మనీ, సింఫనీ అని పాటల పోటీల్లో జడ్జీలు అంటుంటే వినడమే గాని, వాటి అర్థం అడగడానికి చాలామందికి బెరుకు. ఆ మాటల్లో సగానికి పైగా మన భజన పెట్టె మీదే వేలు పెట్టి చూపించవచ్చు.

పొట్టి మెట్లు రెండు

ఈ పెట్టె పుట్టిల్లు యూరప్. పారిస్‌లో అలెగ్జాండర్ దెబెన్ 1840లో హార్మోనియానికి పేటెంటు తీసుకున్నాడు. అది కాళ్లతో తొక్కే పెద్ద బల్ల. నేల మీద కూర్చుని ఒక చేత్తో గాలి కొట్టుకునేలా దాన్ని మార్చింది కలకత్తా వాళ్లు. పద్యనాటక సమాజాలతో, చర్చిలతో, భజన మందిరాలతో అది ఊరూరా తిరిగింది. ఎంత తిరిగినా మెట్ల అమరిక మాత్రం పియానో మీద ఉన్నదే.

తెల్లమెట్లను మనవాళ్లు ఒకటి నుంచి ఏడు దాకా లెక్కపెట్టారు. పాశ్చాత్యులు వాటినే సి, డి, ఇ, ఎఫ్, జి, ఎ, బి అంటారు. నల్లమెట్లు ఐదింటికి మనం పెట్టిన పేర్లు ఒకటిన్నర, రెండున్నర, నాలుగున్నర, ఐదున్నర, ఆరున్నర. ఏడూ ఐదూ పన్నెండు. ఆ తర్వాత మళ్లీ ఒకటి, కాకపోతే పై స్థాయిలో. పై స్థాయి షడ్జానికి, అంటే స కు, కింది షడ్జం కంటే సరిగ్గా రెట్టింపు కంపనాలుంటాయి. ఈ రెట్టింపు దూరాన్నే వాళ్లు ఆక్టేవ్ అంటారు.

ఇప్పుడు ఒకటి నుంచి తెల్లమెట్లే వరసగా నొక్కండి. పలికేది శంకరాభరణం రాగం వరస. స నుంచి రి, రి నుంచి గ నిండు అడుగులు. గ నుంచి మ మాత్రం అర అడుగు. మ, ప, ద, ని మధ్యవి మళ్లీ నిండు అడుగులే. ని నుంచి పై స కు ఇంకో అర అడుగు. దిగుడుబావిలో ఐదు మెట్లు ఎత్తుగా, రెండు పొట్టిగా కట్టారనుకోండి. ఎత్తు మెట్ల మధ్య ఇంకొక చిన్న మెట్టుకు చోటుంటుంది, నల్లమెట్లు వచ్చింది అక్కడే. మూడుకూ నాలుగుకూ మధ్య దూరమే అర అడుగు. దాన్ని మళ్లీ సగం చేసే మెట్టు పెట్టెలో పెట్టలేదు. ఏడుకూ పై ఒకటికీ మధ్య కూడా అంతే.

అంటే పెదనాయన చెప్పింది నిజమే. అంకెలు సమానంగా పెరుగుతున్నట్టు కనిపించినా, వాటి కింద ఉన్న స్వరాల దూరాలు సమానం కావు.

స్కేల్, కీ, మేజర్, మైనర్

స్కేల్ అంటే మెట్ల వరస. ఏ దూరంలో ఏ స్వరం అన్న లెక్క. కీ అంటే ఆ వరసకు షడ్జం ఎక్కడ పెట్టామన్నది. "నాలుగు పెట్టు" అన్నప్పుడు భజనాయన అడుగుతున్నది కీ. "శంకరాభరణంలో పాడుతున్నా" అంటే, ఇంచుమించుగా, చెప్తున్నది స్కేల్. ఇంచుమించుగా అని ఎందుకంటున్నానంటే, రాగమంటే ఒట్టి మెట్ల వరస కాదు. గమకం, సంచారం, ఏ స్వరం మీద ఎంతసేపు నిలవాలన్న పట్టింపు, అన్నీ కలిస్తేనే రాగం. స్కేల్ దాని అస్థిపంజరం మాత్రమే.

నాలుగో శ్రుతిలో శంకరాభరణం వాయించాలంటే అన్నీ తెల్లమెట్లే నొక్కితే కుదరదు. నాలుగు, ఐదు, ఆరు అయ్యాక ఏడు బదులు ఆరున్నర నొక్కాలి. అలా అయితేనే గ–మ దూరం అర అడుగవుతుంది. పాశ్చాత్యులు ఈ మార్పును పాట రాసుకునే కాగితంలో ప్రతి వరస మొదట్లోనే చిన్న గుర్తుగా వేసి పెడతారు. దాన్ని కీ సిగ్నేచర్ అంటారు. అసలు మెట్టు కంటే అర అడుగు పైకి జరిపితే షార్ప్, కిందికి జరిపితే ఫ్లాట్. ఒకే నల్లమెట్టుకు రెండు పేర్లుండటం చూసి తికమకపడనక్కర్లేదు. మన సంగీతంలో శుద్ధ గాంధారం, చతుశ్శ్రుతి రిషభం ఒకే చోట ఉంటాయి. పన్నెండు స్థానాలకు పదహారు పేర్లు పెట్టుకున్న మనకు ఇది కొత్త కాదు.

శంకరాభరణం వరసే వాళ్ల మేజర్ స్కేల్. మైనర్‌లో గాంధారం, అంటే గ, అర అడుగు దిగుతుంది. మైనర్ మూడు రకాలు. నేచురల్ మైనర్ మన నటభైరవి వరస. హార్మోనిక్ మైనర్ కీరవాణి, 2023లో ఆస్కార్ అందుకున్న మన సంగీత దర్శకుడి పేరు. మెలోడిక్ మైనర్ ఆరోహణ గౌరిమనోహరి. మేజర్ సంతోషానికి, మైనర్ దుఃఖానికి అని పుస్తకాల్లో రాస్తుంటారు. ఆ మాటను నేను పూర్తిగా ఒప్పుకోను. మనసు పలికేది అలవాటును బట్టి, లయను బట్టి, సందర్భాన్ని బట్టి కూడా.

పెళ్లి బ్యాండు మేళంలోని క్లారినెట్‌ది మరో ముచ్చట. ఎక్కువగా వాడేది బి ఫ్లాట్ క్లారినెట్. కాగితం మీద ఒకటో మెట్టు చూసి ఊదితే అది ఆరున్నర పలుకుతుంది. అందుకే పెట్టె వాయించేవాడూ క్లారినెట్ ఊదేవాడూ ఒకే కాగితం ముందు పెట్టుకుంటే పాట కలవదు.

అధికమాసం లాంటి చిక్కు

ఇక అసలు కథకు వద్దాం. పన్నెండు మెట్ల మధ్య దూరాలను ఎవరు కొలిచారు?

చెవికి అన్నిటికంటే హాయిగా కలిసేది షడ్జంతో పై షడ్జం, ఆ తర్వాత పంచమం. షడ్జం సెకనుకు 240 సార్లు కంపిస్తే పంచమం 360 సార్లు, అంటే సరిగ్గా ఒకటిన్నర రెట్లు. ఈ ఒకటిన్నర కొలబద్దతో మెట్లన్నీ కట్టుకోవచ్చు. స నుంచి ప. ఆ ప ను షడ్జం అనుకుని దాని పంచమం. దానికి మళ్లీ పంచమం. ఇలా పన్నెండుసార్లు ఎక్కితే పన్నెండు స్వరాలూ దొరికి, ఏడు స్థాయిల పైన మళ్లీ షడ్జం దగ్గరికే రావాలి.

వస్తాం, కానీ సరిగ్గా రాం. ఒకటిని పన్నెండుసార్లు ఒకటిన్నర రెట్లు చేస్తూ పోతే దాదాపు 129.75 అవుతుంది. అదే ఒకటిని ఏడుసార్లు రెట్టింపు చేస్తే 128. రెండూ ఒకటి కావాల్సిన చోట చిన్న తేడా మిగిలిపోయింది. ఎవరు కట్టినా, ఎంత జాగ్రత్తగా కట్టినా అది మిగులుతుంది. తప్పు మనిషిది కాదు, అంకెలది.

మన పంచాంగంలో ఇలాంటిదే ఉంది. పన్నెండు చాంద్రమాసాలు 354 రోజులు. సూర్యుడి లెక్కలో సంవత్సరం 365 రోజులు. ఆ పదకొండు రోజుల తేడాను పోగుపడనిచ్చి, దాదాపు మూడేళ్లకోసారి ఒక అధికమాసంలో సర్దేస్తాం. యూరప్‌లో మొదట చేసిందీ అలాంటి పనే. పదకొండు పంచమాలను శుద్ధంగా ఉంచి, తేడా అంతటినీ పన్నెండో పంచమంలో కుక్కారు. ఆ ఒక్కటి ఊళపెట్టినట్టు వినిపించేది. దానికి వాళ్లు పెట్టిన పేరు తోడేలు. పాట ఆ కీ వైపు పోకుండా జాగ్రత్తపడేవాళ్లు.

తర్వాత వచ్చిన ఉపాయం ఆ తేడాను పన్నెండు పంచమాలకూ సమానంగా పంచేయడం. అప్పుడు ఏ పంచమమూ శుద్ధం కాదు, ఏదీ ఊళపెట్టదు. ఈ లెక్కను చైనాలో జు జైయు 1584లో కచ్చితంగా వేశాడు. కొద్దికాలానికే ఫ్లెమిష్ గణితవేత్త సైమన్ స్టెవిన్ కూడా వేశాడు. దీన్ని ఈక్వల్ టెంపరమెంట్ అంటారు, సమశ్రుతి అనుకుందాం. యోహాన్ సెబాస్టియన్ బాఖ్ 1722లో పన్నెండు మేజర్, పన్నెండు మైనర్ కీలు, మొత్తం ఇరవైనాలుగింటిలోనూ రచనలు చేసి ఒక పుస్తకంగా కూర్చాడు. ఆయన వాయించింది సరిగ్గా సమశ్రుతేనని చెప్పలేం గాని, ఒకే వాయిద్యం మీద ఏ కీ కైనా తిరగొచ్చన్నది ఆ పుస్తకం చాటిన సంగతి.

చర్చిలో కీబోర్డు వాయించే కుర్రాడు పాడేవాళ్ల గొంతు అందకపోతే ట్రాన్స్‌పోజ్ బటన్ ఒకటి నొక్కి మొత్తం పాటను అర అడుగు దించేస్తాడు. అన్ని అడుగులూ సమానం కాబట్టే ఆ బటన్ పనిచేస్తుంది.

మరి ఈ సర్దుబాటుకు కట్టిన మూల్యం ఎంత? పంచమం దాదాపు చెక్కుచెదరలేదు. 360కి బదులు 359.6. దెబ్బ తగిలింది గాంధారానికి. షడ్జం 240 అయితే శుద్ధంగా కలిసే గాంధారం 300. సమశ్రుతి పెట్టెలో అది 302.4. ఇంతేనా అనిపిస్తుంది. కానీ ప్రతి స్వరం లోపలా దాని రెట్టింపు, మూడింతలు, నాలుగింతలు, ఐదింతల కంపనాల సన్నని స్వరాలు దాగి ఉంటాయి. భౌతికశాస్త్రంలో అనుస్వరాలంటారు. షడ్జం ఐదింతలు 1200, గాంధారం నాలుగింతలు సుమారు 1209.5. ఈ రెండూ ఒకదాన్నొకటి ఒరుసుకుని సెకనుకు తొమ్మిది పది సార్లు "వా వా వా" అని అదురుతాయి. దాన్ని విస్పందనం అంటారు. చుట్టూ నిశ్శబ్దంగా ఉన్నప్పుడు హార్మోనియం మీద స, గ రెండే కలిపి నొక్కి పట్టుకుని వినండి. ఆ అదురు తెలుస్తుంది.

---
పెట్టె విప్పి చూస్తే

హార్మోనియం పైచెక్క తీస్తే వరసగా ఇత్తడి రీడ్లు. ఒక్కో రీడు అంటే సన్నని చీలిక ఉన్న ఇత్తడి పలక, దాని మీద ఒక కొసన బిగించిన నాలుక. గాలి చీలికలోంచి దూరినప్పుడు నాలుక లోపలికీ బయటికీ ఊగి గాలిని తెంపుతూ పోతుంది. ఆ తెంపుల లెక్కే శ్రుతి. పొడుగు నాలుక మెల్లగా ఊగి మంద్రంగా పలుకుతుంది, పొట్టిది వడిగా ఊగి తారంగా పలుకుతుంది.

శ్రుతి చేసేవాళ్లు నాలుకను చాలా సున్నితంగా గీకుతారు. కొసన గీకితే బరువు తగ్గి ఊపు పెరుగుతుంది, శ్రుతి ఎక్కుతుంది. మొదలు దగ్గర గీకితే బిగువు తగ్గి ఊపు మందగిస్తుంది, శ్రుతి దిగుతుంది.
---

రేడియో మూసిన తలుపు

ఈ గాంధారం గొడవ చివరికి ప్రభుత్వం దాకా పోయింది. ఆలిండియా రేడియో 1940లో హార్మోనియాన్ని తన స్టూడియోల నుంచి నిషేధించింది. 1971 దాకా ఆ తలుపు తెరుచుకోలేదు. మన స్వరాల సూక్ష్మ స్థానాలు అందులో పలకవన్నది ఒక కారణం. మెట్టు మీద నుంచి మెట్టు మీదికి దూకడమే తప్ప జారడం రాదు, కాబట్టి గమకం పలకదన్నది రెండోది. ఢిల్లీ రేడియోలో పాశ్చాత్య సంగీత విభాగం చూసిన బ్రిటిష్ స్వరకర్త జాన్ ఫౌల్డ్స్ కూడా హార్మోనియం వద్దనే వాదించాడు. అదే రేడియోకు శివరంజనిలో, తంబూరా శ్రుతి మీద, గుర్తింపు బాణీ కట్టింది యూరప్ నుంచి వచ్చిన వాల్టర్ కాఫ్‌మన్. మార్కాపురం ఆకాశవాణి వినే ఇళ్లలో ఆ బాణీ తెలియని వాళ్లుండరు.

శాస్త్రం వైపు నుంచి రేడియో వాళ్ల ఆక్షేపణ సరైనదే. నిషేధం మాత్రం తప్పని నా అభిప్రాయం. భజనలూ పద్యనాటకాలూ ఆ పెట్టె మీదే బతికాయి.

ఇక్కడే రెండు సంగీతాల దారులు విడిపోయింది. మనం స్వరాన్ని ఊపడం, జార్చడం, శుద్ధంగా నిలపడం కోసం ఒకే షడ్జాన్ని పట్టుకుని కూర్చున్నాం. తంబూరా కచేరీ అంతా అదే పలుకుతుంది. పాశ్చాత్యులు స్వరశుద్ధిలో కొంత వదులుకుని రెండు స్వేచ్ఛలు కొనుక్కున్నారు. పాట నడుమ షడ్జాన్నే మార్చడం ఒకటి, దాన్ని మాడ్యులేషన్ అంటారు. చాలా స్వరాలు ఒకేసారి మోగించడం రెండోది.

క్రియ లేని వాక్యం

ఒకటి, మూడు, ఐదు మెట్లు మూడు వేళ్లతో కలిపి నొక్కండి. స గ ప. ఇదే కార్డ్, మేజర్ కార్డ్. నడిమి వేలు మూడు నుంచి రెండున్నరకు జరిపితే మైనర్ కార్డ్. ఏడు స్వరాల్లో ప్రతి స్వరం మీదా ఇలాంటి కార్డ్ కట్టవచ్చు. వీటి నడకే హార్మనీ.

కార్డులు ఎందుకు మారుతూ ఉండాలి? "రేపు పొద్దున్నే మేమంతా మార్కాపురం చెన్నకేశవస్వామి గుడికి…" అని ఆపేశాననుకోండి. వింటున్నవాళ్లకు ఊపిరి బిగబట్టినట్టుంటుంది. తెలుగు వాక్యంలో క్రియ చివర వస్తుంది. అది వచ్చేదాకా మనసు ఎదురుచూస్తుంది. పంచమం మీద కట్టిన కార్డ్ అలా ఆగిపోయిన వాక్యం. అందులో ని ఉంటుంది, అది అర అడుగు దూరంలోని షడ్జం కోసం లాగుతూ ఉంటుంది. షడ్జం కార్డ్ పడగానే వాక్యం ముగిసిన నెమ్మది. ఈ ముగింపునే కేడెన్స్ అంటారు. చర్చి పాటల చివర "ఆమెన్" అనేటప్పుడు మధ్యమం కార్డ్ నుంచి షడ్జం కార్డ్‌కు దిగడం ఇంకో రకం ముగింపు. దానికి ఆమెన్ కేడెన్స్ అనే పేరే ఉంది.

మిషనరీ జాన్ క్లవ్ 1866లో ఒంగోలు చేరాక బాప్టిస్టు మిషన్‌తో పాటు ఈ పాటల పద్ధతీ మా వైపు వచ్చింది. యూరప్ చర్చి బృందగానంలో నాలుగు గొంతులకు నాలుగు వేరువేరు వరసలుంటాయి. ఆడవాళ్లలో పై గొంతు సొప్రానో, కింది గొంతు ఆల్టో. మగవాళ్లలో పైది టెనర్, కిందిది బేస్. మన పల్లె చర్చిల్లో అందరూ ఒకే వరస పాడటమే ఎక్కువ. దానికి తోడు క్రైస్తవ కీర్తనల పుస్తకంలో చాలా పాటల నెత్తిన రాగం పేరు, తాళం పేరు ఉంటాయి. రెండు సంప్రదాయాలూ ఒకే బెంచీ మీద కూర్చున్నాయి.

కార్డ్‌లో స్వరాలు ఒకేసారి నిలబడతాయి. రెండు మూడు పాటలే ఒకేసారి నడిస్తే అది కౌంటర్‌పాయింట్. భజనలో ముందు పాడే ఆయన చరణం ముగిస్తే గాని మిగతావాళ్లు అందుకోరు. అందుకోవడానికి ఆగకుండా, ఆయన మొదటి ముక్క అయిపోగానే రెండో ఆయన అదే ముక్కను పంచమంలో ఎత్తుకున్నాడు, మొదటాయన మాత్రం ఆపకుండా ముందుకు పోయాడు, ఆపైన మూడో ఆయన చేరాడు అనుకోండి. ఎవరి దారి వారిదే, అయినా ఎక్కడా ఢీకొనరు. అదే ఫ్యూగ్. కోలాటంలో లోపలి వలయం, బయటి వలయం ఎదురెదురుగా తిరుగుతూ కోపుల దగ్గర కలిసినట్టుంటుంది. బాఖ్‌ను మించి దీన్ని కట్టినవాళ్లు లేరు.

పేర్ల పట్టీ, త్వరగా

సొనాట అంటే ఒకటి రెండు వాయిద్యాల కోసం కట్టిన, కొన్ని భాగాలున్న రచన. అంతటి రచన పెద్ద వాద్యబృందానికి కడితే సింఫనీ. కంచెర్టోలో ఒక వాయిద్యం ముందు నిలుస్తుంది, బృందం దానికి బదులు పలుకుతుంది. బుర్రకథలో కథకుడు, వంతలు గుర్తొస్తే చాలు. సింఫనీలో మామూలుగా నాలుగు భాగాలుంటాయి, వాటిని మూవ్‌మెంట్లంటారు. నాటకంలో అంకాల్లాంటివి. అంకానికీ అంకానికీ మధ్య అక్కడ చప్పట్లు కొట్టరు.

ఓపస్ అంటే రచన అని అర్థం, పక్కన ఉండేది వరస అంకె. బేతోవెన్ ఐదో సింఫనీ ఓపస్ 67. వియన్నాలో 1808 డిసెంబర్ 22న మొదటిసారి వినిపించారు. నాలుగే స్వరాల ముక్క, మూడు పొట్టివి, ఒకటి పొడుగు, దాన్నే తిప్పి తిప్పి మొదటి భాగమంతా కట్టాడు. అలాంటి విత్తనం లాంటి ముక్కను మోటిఫ్ అంటారు.

అడాజియో, అండాంటే, అలెగ్రో అన్నవి వేగం పేర్లు. మన విలంబ, మధ్య, ద్రుత కాలాలతో పోల్చుకోవచ్చు. పియానో అంటే మెల్లగా, ఫోర్టే అంటే గట్టిగా. 1700 ప్రాంతంలో ఇటలీలో క్రిస్తోఫోరి చేసిన వాయిద్యం వేలి బరువును బట్టి రెండు రకాలుగానూ పలికింది. ఆ రెండు మాటలూ కలిసి దాని పేరయ్యాయి, తర్వాత రెండోది రాలిపోయింది. మన పెట్టెలో ఆ పని వేలిది కాదు, తిత్తిది.

---
మార్కాపురం పలక మీద ఐదు గీతలు

మార్కాపురం పలక ఒకటి తీసుకుని అడ్డంగా ఐదు గీతలు గీయండి. అది స్టాఫ్. దాన్ని నిచ్చెన అనుకోండి. గీత మీద ఒక స్వరం, గీతల మధ్య ఖాళీలో మరో స్వరం, పైకి పోతే శ్రుతి పెరుగుతుంది. చుక్క ఆకారం స్వరం ఎంతసేపు నిలవాలో చెబుతుంది. వెయ్యేళ్ల కిందట ఇటలీలో గ్విడో అనే సన్యాసి నాలుగు గీతలతో ఈ పద్ధతిని స్థిరపరిచాడు. చర్చి గాయకులకు తేలిగ్గా పాట నేర్పడం ఆయన అవసరం. ఎనభై మంది ఒకరి మొహం ఒకరు చూడకుండా వేరువేరు వరసలు వాయించగలగడం ఈ రాత వల్లే సాధ్యమైంది.
---

రాకపోకలు

ఈ సంగీతం మనదాకా హార్మోనియంతోనే రాలేదు. మద్రాసులో యూరోపియన్ల బ్యాండు బాణీలు విన్న ముత్తుస్వామి దీక్షితులు వాటికి సంస్కృత సాహిత్యం కట్టారు. అవే నోట్టుస్వరాలు. "సంతతం పాహిమాం" బాణీ బ్రిటిష్ వాళ్ల జాతీయగీతానిది. అవన్నీ శంకరాభరణం మెట్లలోనే ఉంటాయి, గమకం లేకుండా. ఆయన తమ్ముడు బాలుస్వామి యూరోపియన్ దగ్గర వయొలిన్ నేర్చి కర్ణాటక సంగీతంలోకి తెచ్చారు. వయొలిన్‌కు మెట్లు లేవు, వేలు జారుతుంది, గమకం పలుకుతుంది. అందుకే అది కచేరీలో పక్కన కూర్చోగలిగింది. విజయనగరం ద్వారం వెంకటస్వామినాయుడు దాన్ని పక్కవాయిద్యంగానే కాక సోలోగా కూడా నిలబెట్టారు.

అటునుంచి రావడమే కాదు, ఇటునుంచి పోవడమూ ఉంది. తెలుగు సినిమా పాటల్లో మూడు తరాలకు హార్మనీ, కౌంటర్‌పాయింట్ వినిపించిన ఇళయరాజా తన సింఫనీ 'వాలియంట్'ను 2025 మార్చి 8న లండన్‌లో రాయల్ ఫిల్హార్మోనిక్ ఆర్కెస్ట్రాతో వినిపించారు.

ఈసారి భజన ముగిశాక పెట్టె మూసేలోపు ఒక పని చేయండి. నల్లమెట్లు ముట్టుకోకుండా, తెల్లమెట్ల మీదే, షడ్జం మాత్రం మారుస్తూ వాయించండి. రెండు నుంచి మొదలుపెడితే ఖరహరప్రియ. మూడు నుంచి తోడి. నాలుగు నుంచి కల్యాణి. ఐదు నుంచి హరికాంభోజి. ఆరు నుంచి నటభైరవి. మన గ్రహభేదం ఇదే, వాళ్ల మోడ్‌లు ఇవే. ఏడు నుంచి మాత్రం కుదరదు, దానికి పంచమం దొరకదు.